ఎక్కేవాళ్లు

వరల్డ్ కప్‌కు ముస్తాబవుతున్న ఖతార్‌లోని లుసైల్‌లో, ఎత్తైన స్కాఫోల్డింగ్ కింద నిలబడి లింబాద్రి మీసాల్లో నవ్వుకుంటున్నాడు. పైకెక్కే డ్యూటీ తన మీద పడకుండా, నేపాలోళ్లు పుట్టుకతోనే కొండలెక్కుతారని పొద్దున్నే ఫోర్‌మన్ చెవిలో వేసొచ్చాడు మరి.

"పో బిలాస్! ఎవరెస్టు ముందల నీకిదెంత?"

ఒకే గదిలో ఉండి లింబాద్రి తెలుగే నేర్చుకున్న బిలాస్ బిక్కమొహం వేశాడు.

"మాది తరాయి అన్నా. మీ జగిత్యాల లెక్కనే చదును నేల, వరి పొలాలు. మంచుకొండను నేను క్యాలెండర్లనే చూసిన. నిచ్చెన ఎక్కాల్నన్నా కాళ్లు వణుకుతయ్."

లింబాద్రి నవ్వు సగంలో ఆగింది. "మరి గీ ముచ్చట ఫోర్‌మన్‌కు చెప్పకపోయినవా?"

"చెప్పిన, నమ్మలే. గందుకే తోడుకు నిన్నిమ్మన్న."

"నన్నా? నన్నెందుకురా?"

"మీ తెలంగాణల అందరు తాటిచెట్లు ఎక్కుతరని చెప్పిన. గది మాత్రం నమ్మిండు."

"ఓరి నీ! నేను కల్లు తాగుడే గాని చెట్టెక్కింది ఎన్నడురా?"

"యల్లా! యల్లా!" త్వరగా ఎక్కమంటూ వెనక నుంచి ఫోర్‌మన్ అరిచాడు.

కొండలవాడూ తాటిచెట్లవాడూ ఒకరి బెల్టు ఒకరు గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టారు.