మున్నీకి గులాబీ గౌను

“లేసింది! మున్నీ లేసింది!”

శాలిబండలో షేర్ ఆటో ఇంకా ఆగనేలేదు, బాబురావు దూకేశాడు. చేతిలో గుడిమల్కాపూర్ పూలమార్కెట్ మల్లెలు, మొహం నిండా నవ్వు. పరిశోధన కేంద్రంలో పాతికేళ్ళుగా అటెండరు. అంత పెద్దమనిషి గల్లీలో పరుగెత్తడం ఎవరైనా చూశారా? ఆ రోజు అందరూ చూశారు.

కుట్టుమిషను ముందున్న అతని భార్య రాహేలు గబుక్కున లేవబోయింది. వేళ్ళు పట్టేశాయి. “అబ్బా!” అంది. నొప్పికీ సంతోషానికీ కలిపి ఒకటే అబ్బా.

“నిజంగనా? నడిసిందా?”

“నడుసుడేంది, ఉరుకుతున్నది!”

నెల రోజులుగా ఆ ఇంట్లో మున్నీ మాటే. మొదట కాళ్ళు ఈడ్చింది. తరవాత కూలబడింది. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే నరాల మీద పడి కొడుతున్నాయట. రాహేలు వేళ్ళను వంకర తిప్పిందీ అలాంటి జబ్బే. ఒకప్పుడు చర్చిలో పిల్లలందరికీ క్రిస్మస్ గౌన్లు కుట్టిన వేళ్ళవి! అందుకే ఆమె ప్రాణమంతా మున్నీ కాళ్ళ మీద ఉంది.

వైద్యం సంగతి బాబురావు తనకు తెలిసిన భాషలో చెప్పేవాడు.

“లొల్లి అయినప్పుడు మన గుండయ్య గల్లీ మూలకు నిలవడి పోరగాండ్లకు ఏమంటుండె? ‘వీడు మనోడే, చెయ్యెయ్యకుర్రి, జానేదో’ అంటుండె గదా? డెండ్రిటిక్ కణమంటే గట్లాంటి పెద్దమనిషే. కొట్టేటి పోరగాండ్లు టి కణాలు. మా సైంటిస్టు ఉదయశ్రీ మేడం గా పెద్దమనిషికి మంచిమాటలు నేర్పి, సూదితోని లోపలికి తోలింది.”

“గా పెద్దమనిషిని యాడికెల్లి తెచ్చిన్రు?”

“మున్నీ చుట్టాల ఎముకలకెల్లి.”

“పాపం, ఇచ్చిన్రా?”

బాబురావు దగ్గాడు. “దానికి మస్తుమంది చుట్టాలున్నరులే.”

“మరి నా వంతు ఎప్పుడు?”

“ముందు దానసొంటోళ్ళకే. మనదాంక రావాలంటే ఏండ్లు వడ్తదట.”

“వడనీ. తొవ్వయితే దొరికింది గదా!”

ఊరికే ఎదురుచూసే మనిషా రాహేలు? రోజుకు నాలుగు కుట్లయినా సరే, ఆ వేళ్ళతోనే మున్నీకి గులాబీ గౌను మొదలుపెట్టింది. కొలతలు అడిగితే బాబురావు నీళ్ళు నమిలాడు. “జర చిన్నగనే కుట్టు” అన్నాడు. అసలు మాట చెబుదామని నాలుగుసార్లు నోరు తెరిచాడు. కానీ ఎన్నో నెలలకు ఆమె మళ్ళీ పాట పాడుకుంటూ సూదిలో దారం ఎక్కిస్తోంది. నోరు మూసుకున్నాడు. చివరికి ఆమె ఐదేళ్ళ పిల్ల కొలత పెట్టేసింది. చేతులకు కుచ్చులు, ముందు మూడు ముత్యాల గుండీలు!

ఇప్పుడు మున్నీ లేచింది. ఇంకేం ఆగుతుంది?

“ఫికర్ చెయ్యకు, నేనే తీస్కపోయి ఇస్త” అన్నాడు బాబురావు.

“ఏందయ్యా నువ్విచ్చేది? నా చేతులతోని నేనే తొడుగుత!”

మర్నాడు పొద్దున్నే సంచిలో గౌను, డబ్బాలో లడ్డూలు. ఆటోలో పక్కన కూర్చున్న వాళ్ళకు కూడా గౌను విప్పి చూపించింది. బాబురావు మాత్రం రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

పరిశోధన కేంద్రంలో ల్యాబు గుమ్మం దగ్గరే ఉదయశ్రీ ఎదురొచ్చింది. “రండి రండి, రాహేలు గారూ! మీ గురించి రోజూ చెబుతారండీ మీ ఆయన. అదిగో, మా మున్నీ!”

బాబురావు మెల్లగా తలుపు చాటుకు జరిగాడు.

“నా తల్లే!” అంటూ రాహేలు గౌను రెండు చేతులా చాపి పట్టుకుంది.

బోనులో గిర్రున తిరుగుతున్న చక్రం మీంచి తెల్లటి చిట్టెలుక టపీమని దూకి, మొన్నటిదాకా చచ్చుబడిన తోకను నిటారుగా ఎత్తి, ముత్యాల గుండీ కొరకడానికి పరుగెత్తుకొచ్చింది.