కంచె దగ్గరి ముసలాయన

కంచె మీంచి ముందుకు వంగిన మరియరాణి చెయ్యిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

తిరిగి చూసింది. జపాన్ ముసలాయన. తలకి ఉన్ని టోపీ.

"వదులు!" అంది తెలుగులోనే.

ఆయన వదల్లేదు. కిందికి చూపించి, వద్దన్నట్టు తల ఊపాడు.

కింద బూడిదరంగు బురద కుతకుతా ఉడుకుతోంది. గంధకం కంపు కొడుతూ ఆవిరి పైకి లేస్తోంది.

నిరుడు ఇక్కడే ఆమె కొడుకు డేనీ కాలికింద నేల విరిగింది.

సిడ్నీలో యూనివర్సిటీకెళ్ళే కుర్రాడు. సెలవులకి స్నేహితులతో జపాన్ చూడ్డానికొచ్చాడు. ఫోటో కోసం కంచె దాటాడు. పెట్టెలో ఇంటికి తిరిగొచ్చాడు.

ఆ చోటు ఒక్కసారి చూస్తేగాని ఉండలేనని మరియరాణి ఏడాదంతా పోరింది. ఆ కొండకి పోవాలంటే టూరిస్టు బస్సే దారి. కూతురు క్లారా అందులోనే సీట్లు తీసుకుంది.

బస్సు నిండా నవ్వులు. దిగీ దిగగానే జనం వేడినీటి ఆవిరిలో ఉడికిన గుడ్లు కొనుక్కుని, పెంకు ఒలుచుకు తింటూ సెల్ఫీల్లో పడ్డారు.

మరియరాణి డేనీ ఫోటోని గుండెకి అదుముకుని కంచె దగ్గరికొచ్చింది. వంగింది. ఇంకొంచెం వంగింది. ఎందుకు వంగుతోందో ఆమెకే తెలీదు.

అప్పుడు పట్టుకున్నాడు ముసలాయన.

ఆయన చూపు ఫోటో మీద పడింది.

అంతే, పట్టు సడలింది. టోపీ తీసేశాడు. నడుం విరిగిందా అన్నంతగా వంగాడు. ఏదో అన్నాడు. మళ్ళీ అదే మాట. మళ్ళీ మళ్ళీ అదే మాట. ఆమె చెయ్యి అందుకోబోయాడు.

"ఏమంటన్నాడే?" అంది, పక్కకి పరిగెత్తుకొచ్చిన క్లారాతో.

"ఐ డోంట్ నో, మమ్. మేబీ హీ వర్క్స్ హియర్."

మరియరాణికి ఒళ్ళు మండిపోయింది.

"ఇక్కడోడివా? నా బిడ్డ పడ్డప్పుడు ఏడ చచ్చావయ్యా? అప్పుడు ఒక్కడూ రాలా. ఇయ్యాల వచ్చి నన్ను పట్టుకుంటావా?"

చెయ్యి విదిలించేసింది. ముసలాయన తూలి, కంచె ఆసరాతో నిలబడ్డాడు.

"మమ్, ప్లీజ్! అందరూ చూస్తున్నారు."

"చూడనీ!"

బస్సు కదిలేటప్పుడు కూడా ఆయన తల వంచుకునే ఉన్నాడు. మరియరాణి మొహం తిప్పేసుకుంది.

సిడ్నీ వచ్చాక ఆమె మళ్ళీ నర్సు యూనిఫాం వేసుకుంది. వెస్ట్‌మీడ్ ఫ్లాట్ నుంచి డ్యూటీకి, డ్యూటీ నుంచి ఫ్లాట్‌కి. చర్చి మానేసింది. చుట్టాల ఫోన్లు మానేసింది. వంట కూడా క్లారాకే వదిలేసింది.

ఒకరోజు నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మంలో జశ్వంత్ నిలబడి ఉన్నాడు. డేనీ స్నేహితుడు. ఆ రోజు ఆ కొండ మీద డేనీ వెంట ఉన్నవాడు.

సమాధి చేసిన రోజు ఇతను ఏదో చెప్పబోయాడు. "నువ్వు బతికొచ్చావుగా, ఇంక చాల్లే" అని మరియరాణి మొహం మీదే తలుపేసింది. ఆ తర్వాత రావడం ఇదే.

"ఏంది?" అంది, తాళం తీస్తూ.

"జపాన్‌లో ఒక పెద్దాయన పోయారాంటీ. వాళ్ళమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను."

"నాకెందుకు ఆ దేశం సంగతి?"

జశ్వంత్ ఫోన్ చూపించాడు. ఫోటోలో ఉన్ని టోపీ పెట్టుకుని నవ్వుతున్న ముసలాయన.

మరియరాణి చేతిలోని తాళంచెవి కింద పడింది.

"ఈయన... ఈయన నా చెయ్యి పట్టుకున్నాడు."

"అవునటాంటీ. మీ చేతిలో డేనీ ఫోటో చూసి గుర్తుపట్టారట. క్షమించమ్మా అని అడిగారట. మీరు విదిలించుకుని వెళ్ళిపోయారట."

ఆమె ఫోన్ లాక్కుని ఆ ఫోటోని దగ్గరగా చూసింది.

"ఆ రోజు ఇంటికెళ్ళి పడుకున్నవారు మంచం దిగలేదట. 'ఆ తల్లి నన్ను క్షమించలేదు' అంటూనే పోయారట."

"క్షమించటమేంది?" మరియరాణి గొంతు కీచుమంది. "ఏం చేశాడని? నా కొడుకుని ఏం చేశాడాయన?"

జశ్వంత్ తల ఎత్తలేదు.

"బతికించలేకపోయాననే ఆయన బాధాంటీ. మేమంతా కంచె ఇవతల నిలబడి కేకలు పెడుతుంటే, ఉడుకుతున్న ఆ బురదలోకి దిగి డేనీని భుజానేసుకుని పైకి తెచ్చింది ఆయనొక్కడే ఆంటీ."