తలకిందుల చదువు

"ఆగండి హాజీ! ఆ కాగితం చింపకండి!"

ఇంతిసార్ అరుపుకి ఆసుపత్రి గేటు దగ్గర టీ తాగుతున్నవాళ్ళంతా తిరిగి చూశారు.

బండి వెనక ముసలాయన చేతిలో పొట్లం అలాగే ఆగిపోయింది. పొట్లంలో వేయించిన పొద్దుతిరుగుడు గింజలు. చుట్టిన కాగితం మీద జుమానా పేరు.

జుమానా ఇంతిసార్‌కి పదమూడో ఏటి నుంచీ తెలుసు. దిజ్లా నది మీద పడవ నడిపేవాడి కూతురు. ఒక పుస్తకంలో ఉంటుంది.

చివరి అధ్యాయం ఇంకా చదవకముందే ఇంతిసార్ వాళ్ళమ్మ ఆ కాగితాలు చింపి తందూరు రాజేసింది. ఆ ఏడే బడి మానిపించారు. తర్వాత పెళ్ళి చేశారు. బట్టల మడతల్లో దాచుకుని అత్తారింటికి తెచ్చుకున్న పుస్తకం అదొక్కటే.

జ్వరంతో కాలిపోతున్న జుమానాని తండ్రి పడవలో పడుకోబెట్టి అవతలి ఒడ్డుకు బయలుదేరతాడు. అక్కడితో పుస్తకం సరి.

అక్కడికి రాగానే ఇంతిసార్ మళ్ళీ మొదటి పేజీకి తిప్పేస్తుంది. మొదటి పేజీలో జుమానా ఇంకా నీళ్ళలోకి గులకరాళ్ళు విసురుతూ ఆడుకుంటూనే ఉంటుంది. బాగ్దాద్ మీద సైరన్ మోగినా, యుద్ధానికి వెళ్ళిన మొగుడి దగ్గర్నుంచి ఉత్తరం రాకపోయినా ఆ పుస్తకమే. తెలిసిన భయం కాసేపు తెలియని భయాన్ని దూరంగా నిలబెట్టేది.

ఇప్పుడు రెండేళ్ళ షహద్‌కి పన్నెండు రోజులుగా జ్వరం. దేశం మీద పెట్టిన ఆంక్షల పుణ్యమా అని సూదిమందు ఒకరోజుంటే రెండ్రోజులుండదు. రోజూ వరసలో కూర్చోవడమే. ఒళ్ళో పిల్ల, పిల్ల మీద పుస్తకం.

"ఈ పుస్తకం మీకెక్కడిది?" అంది ఇంతిసార్.

"ఏం పుస్తకమమ్మా? పాత కాగితాలు. చుట్టుకోడానికి."

"చివరి కాగితం ఉందా? జుమానా ఒడ్డు చేరిందా?"

టీకొట్టు జబ్బార్ పకపకా నవ్వాడు. "ఎవర్నడుగుతున్నావు షహద్ వాళ్ళమ్మా? ఆయన కాగితం పట్టుకునే తీరు చూడు, తలకిందులు!"

నిజమే. ముసలాయన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని పెదాలు కదుపుతున్నాడు.

"నీ టీ ఎటు తిప్పి చూసినా నీళ్ళేరా జబ్బార్," అని పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

ఆ రోజు నుంచి రోజుకో పొట్లం. పొట్లానికో కాగితం. కథలో పడవ నది మధ్యకు వచ్చింది. గాలి లేచింది.

"అన్నీ ఒక్కసారే ఇచ్చేయరాదూ?"

"ఇచ్చేస్తే రేపు నా గింజలెవరు కొంటారు తల్లీ?"

నాలుగో రోజు షహద్ కళ్ళు తెరవలేదు.

"చివరి కాగితం ఇవ్వండి హాజీ. జుమానా చేరితే మా పిల్ల కూడా..." ఇంతిసార్ చెయ్యి చాచింది.

ముసలాయన బండి కింద నుంచి ఒక కాగితం తీశాడు. తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. షహద్ మొహం చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దీనికి నూనె అంటింది. వేరేది వెతికిస్తా. మూడ్రోజులాగు."

"గింజలమ్ముకోడానికి ఇన్ని నాటకాలా! అక్షరమ్ముక్క రానివాడివి, అందులో ఏముందో నీకేం తెలుసు!"

ఈసారి జబ్బార్ కూడా నవ్వలేదు.

"నిజమే తల్లీ," అన్నాడు ముసలాయన. "మూడ్రోజులు."

ఆ మూడ్రోజులూ బండి రాలేదు.

నాలుగో నాడు దగ్గుకుంటూ వచ్చాడు. బండి లేదు, గింజల్లేవు. కాగితం ఒక్కటే. ఇంతిసార్ లాక్కుంది.

పడవ ఒడ్డుకు తగిలింది. జుమానా కళ్ళు తెరిచి, "నాన్నా, ఆకలేస్తోంది" అంది.

ఇంతిసార్ మళ్ళీ చదివింది. మళ్ళీ చదివింది. వేళ్ళకు నల్లగా అంటింది. 'ఈయన చేతుల మురికి' అనుకుని అబాయా అంచుకు తుడుచుకుంది. తలెత్తేసరికి ఆయన లేడు.

ఆ వారమే షహద్ జ్వరం దిగింది.

నెల తర్వాత ఖర్జూరం పెట్టి క్లీచా బిస్కెట్లు కాల్చి పట్టుకెళ్ళింది. బండి దగ్గర ఒక ముసలావిడ ఉంది.

"హాజీ ఏరి?"

"పోయి ఇరవై రోజులైంది. పుస్తకం పిల్లవి నువ్వేనా? చిరిగిన చోటికి రాగానే వెనక్కి తిప్పేసేదానివట. 'ఆ పుస్తకం మనింట్లో ఉందే' అని దుమ్ము దులిపి తీశాడు. ఊరందరికీ పాత పేపర్లు, నీకు మాత్రం పుస్తకం!"

"ఆయనకి చదువు..."

"రాదనుకున్నావా? నలభై ఏళ్ళు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే కంపోజిటరు! సీసపు అక్షరాలు తలకిందులుగానే చదవాలి. చచ్చేదాకా ఆ అలవాటు పోలేదు. నీ పుస్తకం కూర్చిందీ ఆయనే."

ఇంతిసార్ పళ్ళెం బండి మీద పెట్టింది.

"ఆ మూడ్రోజులూ తిండి లేదు, మందు లేదు. అచ్చాఫీసు మూసేసినప్పుడు తెచ్చుకున్న అక్షరాలు ముందేసుకుని కూర్చున్నాడు. పుస్తకం చివర ఖాళీ కాగితం ఉంటుంది చూడు, అది సిరా పూసిన అక్షరాల మీద పరిచి చెంచాతో రుద్దాడు. ఏమిటయ్యా ఈ పిచ్చి అంటే, అచ్చుతప్పు దిద్దుతున్నానన్నాడు."

ముసలావిడ బండి అరలోంచి మడిచిన కాగితం ఒకటి తీసిచ్చింది. "ఆయన జేబులో దొరికింది. నీదేనేమో చూడు."

ఇంతిసార్ విప్పింది.

నూనె మరక ఎక్కడా లేదు. అందులో ఒడ్డు చేరింది పడవ ఒక్కటే.