సంపెంగ వాసన

ఆ ఉదయం ఆకాశం ముసురు పట్టి ఉంది. సముద్రం అడుగునుంచి వచ్చిన రైలు కడియం ఊరి దంపతులైన పల్లాలరావునీ మంగాయమ్మనీ సింగపూరు పూల ప్రదర్శన దగ్గర దించింది. లోకంలో పూలన్నీ వాసన పోగొట్టుకుని ఏళ్లయింది. ఇక్కడి సంపెంగలకు మాత్రం మళ్లీ వాసన పుట్టించారు. మనిషికొక పువ్వే ఇస్తారు, ఒక్కసారి పీలిస్తే దాని వాసన అయిపోతుంది.

మంగాయమ్మ తన పువ్వును మొహానికి దూరంగా పట్టుకెళ్లి, మట్టి చెదరకుండా పాదులకు నీళ్లు పోస్తున్న మరమనిషి కాళ్ల దగ్గర పెట్టి దణ్ణం పెట్టింది.

"ఆ వాసన కోసమేగా ఇంతదూరం లాక్కొచ్చావు! అదేం దేవుడే?" అన్నాడు పల్లాలరావు.

"పెంచినోడికి పెట్టకుండా మనం వాసన చూసేత్తామేంటండీ? ఎంగిలైపోదూ!"

పల్లాలరావు ముక్కుదాకా తెచ్చుకున్న తన పువ్వును ఆపి, ఇద్దరి మొహాల మధ్యా పట్టాడు.

"సరే, కానీ. ఇద్దరం ఒక్కసారే పీల్చాలి," అన్నాడు.

తిరుగు రైల్లో పులిహోర పొట్లం విప్పుకుని, ఇద్దరూ అందులోంచే తిన్నారు.