అరువు నొప్పి

పేషెంటు మోకాలికొకటి, ఫిజియో మోకాలికొకటి జంట పట్టీలు వచ్చాక రేసులవాళ్ల అబద్ధాలు సాగడం లేదు. నొప్పి అక్కడ పుడితే ఇక్కడ తెలుస్తుంది. గుంటూరు ఫిజియో కాత్యాయని ఆరు వారాలుగా తన పేషెంటు రేష్మ నొప్పితోనే కుంటుతోంది. "అస్సలు నొప్పి లేదు మేడమ్" అని ఆ పిల్ల ఫోనులో ఒట్టు పెడుతుంటే, ఈవిడ గోడ పట్టుకుని మెట్లెక్కేది.

ఇవాళ రేష్మ హైబ్రిడ్ రేసు. ఎనిమిది కిలోమీటర్ల పరుగు, మధ్యమధ్యలో బరువుల బండి తోయడం, ఇసుక మూటలు మోయడం. కాత్యాయని ఐసు పక్కన పెట్టుకుని, నేలమీద బాసింపట్టు వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. గంటన్నర గడిచినా మోకాలు కిమ్మనలేదు. హమ్మయ్య అనుకుని లేవబోయింది. మోకాలు కలుక్కుమంది.

వెంటనే ఫోను చేసింది. "ఏమైందే రేష్మా, పడ్డావా?"

"పడటమేంది మేడమ్! రేసు పూర్తిచేశా. కాలు దూదిపింజలా ఉంది. పట్టీ కూడా ఎప్పుడో విప్పేశా."

కాత్యాయని తన పట్టీ కూడా విప్పి చూసింది. నొప్పి ఎక్కడిదక్కడే ఉంది. యాభై ఆరేళ్లకు, ఇన్నాళ్లకు, తన సొంత నొప్పి. నవ్వొచ్చింది.

"మీ గొంతేంది అట్లా ఉంది? మీకేమన్నా నొప్పా మేడమ్?"

"నాకా? అస్సలు లేదే!" అంది కాత్యాయని, గోడ పట్టుకుని లేస్తూ.