ముందు వెళ్ళే మనిషి

మూడో రోజు పొద్దున్నే మళ్ళీ పంక్చరయింది.

నున్సియా సైకిలు దిగి చక్రం తిప్పి చూసింది. టైరులో చిన్న చీల. బూట్లకు కొట్టే రకం. నిన్నా ఇదే, మొన్నా ఇదే.

ఇటలీలో మరతేయా సముద్రపొడ్డున బయలుదేరి, పొల్లీనో కొండలెక్కి, అవతలి సముద్రానికి దిగే ఈ సైకిలు యాత్రను ఆమె ఏటా నడిపిస్తుంది. పోయిన ఏడాది ఒకాయన పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఈసారి కూడా ఎవరైనా పడితే ఇక ఆమె వెంట వచ్చేవాళ్ళుండరు. అందుకే దారిలో కనబడిన ప్రతి మనిషినీ అనుమానంగానే చూస్తోంది.

ముఖ్యంగా ఒక ముసలాయన్ని.

నల్ల కోటు, నల్ల కళ్ళద్దాలు, తుప్పు పట్టిన సైకిలు, టోపీ కింద కాఫీ కప్పు పిడుల్లా నిక్కిన చెవులు. ఎవరో తెలియదు. బయలుదేరిన దగ్గర్నించీ వీళ్ళకంటే ముందే వెళ్తున్నాడు. మలుపు తిరిగితే చాలు, రోడ్డు మీద వంగి ఏదో చేస్తూ కనబడతాడు. వీళ్ళను చూడగానే సంచి భుజాన వేసుకుని సైకిలెక్కి వెళ్ళిపోతాడు.

సామాను వ్యాను నడిపే జెరార్దో రెండో రోజే తేల్చేశాడు. ఆ బక్క మొహం, ఆ నల్లద్దాలు చూస్తే తెలియడం లేదా, వాడి చూపు మంచిది కాదన్నాడు. ముసలాయన కనబడినప్పుడల్లా వ్యాను అద్దానికి వేలాడే ఎర్ర కొమ్ము తాయెత్తును తడుముకున్నాడు. సాయంత్రానికి సైకిళ్ళవాళ్ళంతా కూడా దిష్టి తగలకుండా ఇనుము ముట్టుకోవడం మొదలుపెట్టారు.

నున్సియాకి అలాంటి నమ్మకాల్లేవు. చూపు తగిలితే టైరు పగలదు, చీల దిగితే పగులుతుంది అని కసిరింది. సైకిళ్ళ అలికిడికి అడవిపందులు పారిపోతున్నాయని ఈ కొండల్లో వేటగాళ్ళకి కడుపుమంట. వాళ్ళే ఈ ముసలాయన్ని పురమాయించి ఉంటారని ఆమె అనుమానం. అయినా, ఆ నల్ల కోటు కనబడితే ఆమె చెయ్యి కూడా తెలియకుండానే ఇనుము మీదికి పోయేది.

ఒక్క ఒత్తావియా మాత్రం ఏమీ ముట్టుకోలేదు. ఆమె రిటైరైన పంతులమ్మ. గుంపులో అందరికంటే పెద్దది, అందరికంటే నెమ్మది. దారిలో ఊటనీళ్ళ దగ్గర తన రొట్టె తుంచి ముసలాయనకి సగం పెట్టింది. టీచరమ్మకి తోడు దొరికాడని జెరార్దో వేళాకోళమాడాడు. మనిషి చెడ్డవాడిలా లేడని ఆమె అంటే ఎవరూ చెవిన పెట్టలేదు.

ఆ సాయంత్రం కొండ మీది ఊళ్ళో ముసలాయనే నున్సియా దగ్గరికొచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"రేపు దిగుడు కదమ్మా. నన్ను ముందు పోనియ్యి. నేను పోయిన గంటకి మీరు బయల్దేరండి."

"ఎందుకు?"

"ఆగితే మంచిదమ్మా. ఈ మధ్య మరీ ఎక్కువైంది."

"చల్లుకుంటూ పోవడానికి ఆ మాత్రం టైము పడుతుందిలే అక్కా," అన్నాడు వెనక నుంచి జెరార్దో.

నున్సియాకి ఒళ్ళు మండింది. "సంచి చూపించు పెద్దాయనా."

అతను ఇవ్వలేదు. జెరార్దో లాగాడు. సంచి మూతి ఊడి, పరుపురాళ్ళ మీద గలగలా చీలలు రాలాయి.

"అవి నావి కావు."

"మరెవరివి, చర్చిలో ఉన్న సాన్ రొక్కో స్వామివా?"

చుట్టూ మూగినవాళ్ళు నవ్వారు. ముసలాయన ఇంకా ఏదో చెప్పబోయాడు కానీ ఆ నవ్వుల్లో వినబడలేదు.

ఊరికి కొత్తగా వచ్చిన పోలీసు సార్జెంటు అతన్ని తీసుకెళ్ళాడు. సైకిళ్ళు కొండ దిగేదాకా స్టేషన్లోనే ఉంచుతానని మాటిచ్చాడు. ఇది అన్యాయమని ఒత్తావియా ఒక్కతే అంది. ముసలాయన మాత్రం వెళ్తూ వెళ్తూ, రేపు వీళ్ళు ఎప్పుడు బయల్దేరతారని అడిగాడు. అది కూడా బెదిరింపులాగే తోచింది నున్సియాకి.

మర్నాడు పొద్దున్న అందరికీ ప్రాణం హాయిగా ఉంది. దారిలో నల్ల కోటు లేదు. ఎవరూ ఇనుము ముట్టుకోలేదు. కింద సముద్రం కనబడగానే ఒకాయన పాట కూడా ఎత్తుకున్నాడు.

పెద్ద మలుపు దగ్గర వెనక నుంచి టైరు పేలిన చప్పుడు, ఆ వెంటనే కేక.

ఒత్తావియా.

భుజం ఎముక విరిగింది. రెండడుగులు జరిగి ఉంటే లోయలో పడేది. ఎండలో రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చీలలతో మెరుస్తోంది. ముందు దాటినవాళ్ళ టైర్లలో కూడా ఒక్కొక్కటిగా గాలి దిగిపోతోంది.

అంబులెన్సు వచ్చేదాకా ఆమెను మలుపులో గుర్తుగా కట్టిన చిన్న రాతి గూటికి ఆనించి కూర్చోబెట్టారు. ఎప్పుడో టైరు పేలి ఇక్కడి నుంచి లోయలో పడిపోయిన కుర్రాడి ఫొటో ఉంది అందులో. నున్సియా ఏటా ఇక్కడ గుంపును ఆపి, ఒక్క నిమిషం తల దించుకుని, ముందుకు సాగేది. నేల మీద కూర్చోవడం ఇదే మొదటిసారి.

కూర్చుంటే కనబడ్డాయి. పూలకుండీ వెనక టమాటా రసం పట్టే గాజు సీసాలు, వరసగా. అన్నిటి నిండా చీలలే. అటు చివర సీసాలోవి తుప్పు పట్టి మట్టిరంగుకి తిరిగాయి. ఇటు చివరవి ఇంకా తళతళలాడుతున్నాయి.

నున్సియా సార్జెంటుకి ఫోన్ చేసింది.

"మీరు బయల్దేరకముందే వదిలేయమని తెల్లారినప్పట్నించీ కాళ్ళావేళ్ళా పడుతున్నాడమ్మా," అన్నాడతను. "రోడ్డు మీద చీలలు ఏరి రావాలట. పిచ్చి మాటలనుకున్నాను."

నున్సియా ఫోన్ దించింది. నొప్పి పంటిబిగువున ఆపుకుంటూ ఒత్తావియా అడిగింది, ఇంతకీ ఆయన ఎవరట అని.

నున్సియా, ఏటా చూస్తూ కూడా ఎన్నడూ పరికించని ఆ ఫొటో వైపు తలెత్తింది.

సైకిలు పట్టుకుని నవ్వుతున్న ఆ కుర్రాడి చెవులు కాఫీ కప్పు పిడుల్లా నిక్కి ఉన్నాయి.