టెర్మినల్ గాలి

"రంగు వాసన ఇసుమంతైనా లేదు," అన్నాడు తనిఖీకి వచ్చినాయన, చేతిలో గాలిని కొలిచే మీటరు చూస్తూ. విమానాశ్రయం కొత్త టెర్మినల్‌కి గ్రీన్ సర్టిఫికెట్ ఖాయమైనట్టే. ఇంజనీరు మొహం చేటంతయింది.

పక్కనే నిచ్చెన మడుస్తున్న పెయింటర్‌కి నోరు ఊరుకోదు. "ఇంకెక్కడుంటుంది సార్? దుమ్ము పడకూడదని ఆర్నెల్లు కిటికీలు మూయించారుగా. మొత్తం మేమే పీల్చేశాం!"

పకపకా నవ్వాడు. నవ్వు కాస్తా దగ్గయింది. ఆపుకుందామన్నా ఆగక మీటరు మీదే దగ్గేశాడు.

మీటరు కీచుమంది. ఎర్ర లైటు వెలిగింది.

పెయింటర్ నవ్వు ఆరిపోయింది. గుండె మీద చెయ్యేసుకున్నాడు.

ఇంజనీరు గబుక్కున జేబురుమాలు తీశాడు. తనకే అనుకుని పెయింటర్ చెయ్యి చాచాడు.

ఇంజనీరు మీటరు తుడిచాడు. "మళ్ళీ కొలవండి సార్. ఆ గాలి బిల్డింగ్‌ది కాదు."